సగం సేపు నిలబడ్డవాడు

జూన్ 9

వదినకి,

నువ్వు అడిగే లోపలే చెప్పేస్తున్నాను: తింటున్నాను, నిద్రపోతున్నాను, చిక్కిపోలేదు. బసలో పని అలవాటైంది. ఆరు గదులు, ఆరు తాళాలు, ఒక వంటమనిషి, ఒక యజమాని. ఇబ్బందల్లా దుప్పట్లతోనే. జలపాతం మా పెరటి వెనకే కదా, గాలి వీస్తే దాని తుంపరంతా ఇటే కొడుతుంది. పొద్దున ఆరేసిన దుప్పటి సాయంత్రానికి ఇంకాస్త తడుస్తుంది. వచ్చినవాళ్ళు జలపాతం చూసి ఆహా అంటారు, మంచమెక్కి అబ్బా అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. యజమాని గదిలో ఒక పాత కేలెండరు ఉంది. దాని మీద ఎక్కడిదో జలపాతం. అందులో నీళ్ళు నీళ్ళలా లేవు, దూది ఏకి వేలాడదీసినట్టు ఉన్నాయి. నేను నాన్న కెమెరాతో మా జలపాతాన్ని తీసి ఇక్కడే ఒకచోట కడిగిస్తే, నీళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయి పగిలిన గాజుపెంకుల్లా వచ్చాయి. ఆ కేలెండరు వాడు ఏం చేశాడంటావు? ఇదే ఆలోచనలో పడి నిన్న ఒకాయనకి వేరే గది తాళం ఇచ్చి చీవాట్లు తిన్నాను. ఫొటో బాగా వస్తే భోజనాల గదిలో పెడతానని యజమాని అంటున్నాడు. ఆయన పెట్టినా పెట్టకపోయినా, నాకు మాత్రం అది తెలుసుకుంటే గానీ మనసు ఊరుకునేలా లేదు.

నువ్వు స్టూడియోలో ఉండేదానివి, నీకు తెలిసే ఉంటుంది. అన్నయ్యకి మాత్రం చెప్పకు. రెండేళ్ళయినా నా కోపం తగ్గలేదు. నువ్వు పక్కనే ఉన్నావు, నీకు తెలియంది కాదు, అయినా అప్పుడప్పుడు మళ్ళీ చెప్పుకోకపోతే కోపం పాతబడుతుంది. నాన్న ఎడమ కన్ను చిన్నది. జీవితమంతా ఆ కన్ను మూసి, రెండో కంటితో కెమెరాలో చూసీ చూసీ రెప్ప సగం వాలిపోయింది. నాన్న పోయాక హాల్లో పెట్టడానికి పెద్ద ఫొటో వేస్తూ, అన్నయ్య ఆ కన్ను దిద్ది రెండో కంటితో సమానం చేశాడు. "ఈయనెవరు?" అని నేను అందరి ముందూ అడిగాను. ఇప్పుడైనా అదే అడుగుతాను. "నచ్చకపోతే చూడకు, ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు. నేను తొక్కలేదు. అంతే కదా.

అన్నయ్య దగ్గు తగ్గిందా? ఊరికే అడుగుతున్నాను.

తడి దుప్పట్ల మధ్య నుంచి,
నీ ఆడబిడ్డ


జూన్ 18

మా మరదలు పిల్లకి,

ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు. పక్కన ఉన్నన్నాళ్ళూ నా మీద పెత్తనం చేశావు, ఇప్పుడు అంత దూరం నుంచి ఉత్తరంలో ప్రశ్నపత్రం పంపిస్తున్నావు. స్టూడియోలో నాకు తెలిసిందల్లా పిల్లల తల దువ్వడం, పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నవాళ్ళతో "గడ్డం కొంచెం కిందకి" అనడం. జలపాతాలు నాకేం తెలుసు?

అందుకని ఒక అబద్ధం ఆడాను. మీ అన్న భోజనానికి కూర్చున్నప్పుడు, "ఒక కస్టమర్ వచ్చాడు, రిటైరైన పెద్దాయన, జలపాతం దూదిలా రావాలంటే ఏం చెయ్యాలని అడుగుతున్నాడు" అన్నాను. అంతే. చెయ్యి ఎండిపోయినా లేవలేదు. ఆయన అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా?

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. షట్టర్ అంటే తలుపు. టప్పున తెరిచి టప్పున మూస్తే, నీటిబొట్టు గాలిలో ఎక్కడుంటే అక్కడే దొరికిపోతుంది. నీకు పెంకులు వచ్చింది అందుకే. తలుపు ఒక సెకను తెరిచి ఉంచితే, ఆ బొట్టు పైనుంచి కిందికి పడ్డ దారంతా పడుతుంది. అన్ని బొట్లూ, అన్ని దారులూ కలిసి గుడ్డలా కనిపిస్తాయి. అంతసేపు కెమెరా కదలకూడదు కాబట్టి మూడుకాళ్ళ స్టాండు కావాలి. వేలితో నొక్కినా అదురుతుంది కాబట్టి వైరుతో నొక్కాలి. ఆ వైరు చివర చిన్న మర ఉంటుంది, నొక్కి తిప్పితే షట్టర్ తెరుచుకునే ఉంటుంది, మళ్ళీ వదులు చేస్తేనే మూసుకుంటుంది. వాచీ చూస్తూ లెక్కపెట్టుకోవాలి. ఎండలో అసలు చెయ్యకూడదు, వెలుగు ఎక్కువైపోయి ఫొటోలో ఏమీ మిగలదట. మబ్బు పట్టాలి.

ఇంకా ఎక్కువసేపు తెరవాలంటే కెమెరా కంటికి నల్ల అద్దం పెట్టాలట. అది బీరువాలో మూల పడి ఉంటే ఆయనే తీసి, తుడిచి, "పెద్దాయనకి ఇవ్వు, మనకి వాడకం లేదు" అన్నాడు. స్టాండూ వైరూ కూడా పంపుతున్నాను. రోల్స్ అక్కడ ఎవరికో ఇచ్చి పాడుచేసుకోకు. నాకు పంపు, కస్టమర్‌వని చెప్పి ఆయన చేతే కడిగిస్తాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అన్న అంటాడు కదా, ఈసారి చూద్దాం.

దగ్గు తగ్గింది. ఊరికే చెప్తున్నాను.

నీ వదిన


జులై 6

వదినా, వచ్చింది!

నీళ్ళు గుడ్డలా వచ్చి ఉంటాయి, రోల్ కడక్కుండానే చెప్పగలను. ఎందుకంటే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపు నేనూ కెమెరాలాగే చూడ్డానికి ప్రయత్నించాను. రెప్ప వెయ్యకుండా ఒకేచోట చూస్తూ ఉంటే నీళ్ళు విడివిడిగా కనపడవు. కానీ నా కన్ను పాతది మరిచిపోతూ కొత్తది చూస్తుంది, ఫిల్మ్ ఏదీ మరిచిపోదు. అదే తేడా అనుకుంటున్నాను. పెద్దాయన ఇలా అంటున్నాడని మీ ఆయనకి చెప్పు, ఏమంటాడో.

మొదటి రెండు రోల్స్ పంపుతున్నాను. మొదటిది ఒక సెకను, ఆ తర్వాత నాలుగు, ఆ తర్వాత నల్ల అద్దం పెట్టి నిమిషం దాకా వెళ్ళాను. ఇంకా పెంచితే ఏమవుతుందో చూడాలని చేతులు దురదపెడుతున్నాయి. స్టాండు కాళ్ళ కింద వంటమనిషి పాత చెప్పులు పెట్టాను, జారకుండా. ఆయన చెప్పుల కోసం ఊరంతా వెతుక్కున్నాడు.

ఒక సందేహం. జలపాతానికి అడ్డంగా కాలిబాట వంతెన ఉంది, చూడ్డానికి వచ్చినవాళ్ళు దాని మీద అటూ ఇటూ నడుస్తారు. నేను తీసినప్పుడు గొడుగు పట్టుకుని ఒక కుటుంబం మొత్తం వెళ్ళింది. పిల్లాడు ఏడుస్తున్నాడు కూడా. వాళ్ళని తీసెయ్యడం ఎలా? నిమిషం సేపు వంతెన ఖాళీగా ఉండమంటే జనం ఉంటారా? ఫొటోల నిండా గొడుగులే వస్తాయని భయంగా ఉంది.

నీ ఆడబిడ్డ, అనబడే రిటైరైన పెద్దాయన


జులై 15

పెద్దాయన గారికి,

ప్రింట్లు పంపుతున్నాను. చూసి గట్టిగా కేకపెట్టకు, బసలో జనం లేస్తారు. నిజంగా గుడ్డే! నేనైతే ముక్కున వేలేసుకున్నాను.

గొడుగు కుటుంబం కోసం భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు. వంతెన ఉంది, మనుషులు లేరు. నాకు ఒళ్ళు జలదరించింది. మీ అన్న నవ్వాడు. "నిమిషం సేపు తెరిచిన తలుపులోంచి రెండు క్షణాల్లో దాటిపోయినవాడు ఏం కనిపిస్తాడు? ఫిల్మ్‌కి మనిషి పట్టాలంటే ఆ మనిషి నిలబడాలి. నడిచేవాడు పడడు, నిలబడ్డవాడు పడతాడు" అన్నాడు. నాకైతే వింతగా ఉంది. అరుస్తూ పోయిన పిల్లాడు లేడు, కదలని రాయి ఉంది.

కన్ను మరిచిపోతుంది, ఫిల్మ్ మరిచిపోదు అన్న నీ మాట చెప్పాను. చేతిలోని ప్రింటు పక్కన పెట్టాడు. కాసేపటికి "ఆ పెద్దాయన ఇంకా ఏమన్నాడు?" అని అడిగాడు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాడు. నేనూ కథ పెంచుతూ పోతున్నాను. నీకిప్పుడు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, గుర్తుపెట్టుకో. బ్యాంకులో పనిచేశావు. భార్య మాట వినవు. "మోకాళ్ళ నొప్పులున్నవాడు తడి రాళ్ళ మీద చెప్పులతో తిరగకూడదు, అడుగున పట్టుండే బూట్లు కొనుక్కోమను" అని మీ అన్న చెప్పమన్నాడు. వాన మొదలయ్యాక అంచు దగ్గరికి వెళ్ళొద్దని కూడా. వేరే కస్టమర్ల మోకాళ్ళ గురించి ఆయన ఇంత బాధపడగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక వంక మాత్రం పెట్టాడు. నీ ఫొటోలన్నీ ఎడమ పక్కకి కొంచెం వాలుతున్నాయట. కుక్క తోకలా ఆ వంకర పోదులే అని నవ్వాడు.

వచ్చే నెల మొదట్లో ఎక్కడో పెళ్ళి ఫొటోలకి రెండు రోజులు పోతున్నాడు. అప్పుడు ఇల్లు సర్దుకుంటాను.

నీ అబద్ధాల వదిన


ఆగస్టు 7

వదినా,

ఈ ఉత్తరం వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, తొందరలో రాస్తున్నాను. మొన్న సాయంత్రం నాకు కావలసిన మబ్బు దొరికింది.

నెల నుంచి దాని కోసమే కాచుకున్నాను. పొద్దున్నే వచ్చే మబ్బు పలచన, మధ్యలో చిరిగి ఎండ పడుతుంది. వాన మబ్బు వస్తే వానే వస్తుంది. మొన్న మాత్రం ఆకాశమంతా ఒకే బూడిద రంగు, గాలి లేదు, తుంపర నిటారుగా పడుతోంది. పరిగెత్తాను. వంటమనిషి వెనకాల ఏదో అరుస్తున్నాడు, చెప్పుల గురించే అయ్యుంటుంది.

వంతెన, దాని పైన పడమటి ఆకాశం, కింద నీళ్ళు, మూడూ వచ్చేలా పెట్టి వైరు నొక్కి మర తిప్పాను. ఇక ఆ నిమిషం ఎలా గడుస్తుందో తెలుసా? చూడాల్సిన జలపాతాన్ని చూడ్డానికి ఉండదు. మబ్బు చిరిగిందంటే ఫొటో పోయినట్టే కాబట్టి ఒకసారి తలెత్తి ఆకాశం చూడాలి, మళ్ళీ వాచీలో పడాలి, పైకి లెక్కపెట్టాలి. ఒక్క అంకె తప్పినా నాకు నమ్మకం ఉండదు. చుట్టూ ఏనుగులు పోయినా తెలియదు. నీళ్ళ హోరులో నా లెక్క నాకే వినపడదు.

అది నా జన్మలో తీసిన మంచి ఫొటో, వదినా. నాకు తెలుసు. నాన్న ఉంటే చూపించేదాన్ని. రోల్ పంపుతున్నాను, త్వరగా కడిగించు. యజమాని గోడ మీద చోటు కూడా చూసి పెట్టాడు.

ఎడమకి వాలడం గురించి: చిన్నప్పటి నుంచీ అన్నయ్య అదే అనేవాడు. ప్రపంచమే కుడికి వాలి ఉందని నేననేదాన్ని.

బూట్లు కొనుక్కున్నాను. పెద్దాయన థాంక్స్ చెప్పాడని చెప్పు.

నీ ఆడబిడ్డ


ఆగస్టు 19

మరదలు పిల్లకి,

ప్రింట్లు ఇందులో పెట్టాను. నేను సరిగ్గా చూడనేలేదు, ఎందుకంటే ఇక్కడ వాతావరణం బాగోలేదు. మీ అన్న పెళ్ళి నుంచి వచ్చిన దగ్గరనుంచీ మనిషి మనిషిలా లేడు. బూట్లు తడిసి వచ్చాయి. పెళ్ళి బాగా జరిగిందా అంటే "ఆఁ" అన్నాడు. పెళ్ళికూతురు ఎలా ఉందంటే "పెళ్ళికూతురు లాగే ఉంది" అన్నాడు.

రోల్ ఇచ్చాను. కడిగాడు. బయటికొచ్చి, "ఇక ఈ కస్టమర్ పని మనం చెయ్యొద్దు. ఇంకో స్టూడియో చూసుకోమను" అన్నాడు. ఎందుకని అడిగితే, "అంతే" అన్నాడు. నిన్నటిదాకా పెద్దాయన మోకాళ్ళ గురించి బెంగపెట్టుకున్నవాడు! నాకేం అర్థం కావడం లేదు. మింగలేక కక్కలేక ఉన్నాను. తొందరపడి ఏమీ అనుకోకు.

నీ వదిన


ఆగస్టు 26

వదినకి,

తొందరపడక ఏం చెయ్యమంటావు? ఆ ఫొటో లేదు. మిగతావన్నీ ఉన్నాయి. మబ్బు రోజున తీసింది, నా జన్మకి తీసిన ఒక్క మంచి ఫొటో, అదే లేదు. ప్రింటూ లేదు, నెగెటివూ లేదు, కత్తిరించేశారు.

నువ్వు చెప్పేశావు కదూ? చెప్పకపోయినా ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. పెద్దాయన కాదు, తన చెల్లెలని తెలిసేసరికి పని చేదైంది. అన్నిటికన్నా బాగున్నది ఏరి మరీ తీసేశాడు. నాన్న కన్ను దిద్దినవాడికి నా ఫొటో ఒక లెక్కా? తనకి నచ్చనిది ఏదీ గోడ మీద ఉండకూడదు.

ఏడవడం లేదు. ఇక్కడ అన్నీ తడిగానే ఉంటాయి కాబట్టి కాగితం అలా ఉంది. నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇక రోల్స్ పంపను. స్టాండూ నల్ల అద్దమూ తిరిగి పంపేస్తాను, అన్నయ్య వస్తువులు నా దగ్గర ఉండక్కర్లేదు.

ఆడబిడ్డ


సెప్టెంబరు 4

ఒసే పిచ్చిదానా,

నువ్వేమీ తిరిగి పంపకు. కూర్చో. కూర్చుని చదువు.

నీ ఉత్తరం రాగానే, ఆయన బయటికెళ్ళడం చూసి చీకటిగది అంతా వెతికాను. నెగెటివ్ దొరికింది. పారెయ్యలేదు, చింపలేదు. కాగితంలో చుట్టి తన కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. కిటికీ దగ్గరికెళ్ళి వెలుతురుకి పట్టి చూశాను. జలపాతం, వంతెన, ఆకాశం. వంతెన మీద ఒక మనిషి.

పూర్తిగా మనిషి కాదు. ఆయనలోంచి వెనక కమ్మీలు కనిపిస్తున్నాయి. దయ్యం అనుకుందామంటే, దయ్యానికి పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు ఉంటుందా? కుడి భుజం కిందకి జారి ఉంది. ఇన్నేళ్ళు కెమెరా సంచి మోసిన భుజం అది. రోజూ దాని మీద చొక్కా వేలాడడం చూసేదాన్ని నేను కాక ఇంకెవరు? ఆడబిడ్డ అర్ధమొగుడు అంటే విన్నాను గానీ, నువ్వు నా మొగుణ్ణే సగం చేసి పంపించావు.

ఆయన రాగానే అడిగాను. "మొన్నటి పెళ్ళి ఎక్కడ జరిగిందన్నారు?"

"చెప్పాను కదా."

"పెళ్ళికూతురు వంతెన మీద నిలబడిందా?"

ఎవరూ ఏమీ అనకుండానే చొక్కా భుజం సర్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ చూడడం అదే మొదలు. నెగెటివ్ ముందు పెట్టాను. అప్పుడు చెప్పాడు.

మొదటి రోల్ కడిగిన రోజే ఆయనకి తెలుసట. ఎడమకి వాలిన ఫొటోలు ఈ లోకంలో ఒక్కరే తీస్తారట. ఊరి పేరు పార్సిల్ మీద ముద్రలో చదువుకున్నాడు. నేను మోకాళ్ళ నొప్పులు, బ్యాంకు ఉద్యోగం అల్లుతుంటే, ఆయన లోపల నవ్వుకుంటూ విన్నాడు. తాడిదన్నేవాడి తలదన్నేవాడు నా ఇంట్లోనే ఉన్నాడు, నేనే చూసుకోలేదు.

పెళ్ళి అని చెప్పి నీ దగ్గరికే వచ్చాడు. కోటు ఎందుకంటే, నాకు అనుమానం రాకుండా. వంతెన ఎక్కేసరికి నువ్వు అవతల గట్టున స్టాండు వేసుకుని ఉన్నావట. "పిలిచాను. తలెత్తి సూటిగా నా వైపే చూసింది. చూసి తల దించేసుకుని ఏదో గొణుక్కుంది. నేను కాసేపు నిలబడ్డాను. మళ్ళీ తలెత్తలేదు. రెండేళ్ళ తర్వాత అంత దూరం వెళితే ముఖం చూడ్డం కూడా ఇష్టం లేనిదాని ముందు ఇంకెంతసేపు నిలబడను?" అన్నాడు. వచ్చిన దారినే తిరిగి బస్సెక్కేశాడు. ఇంటికొచ్చి రోల్ కడిగితే అందులో తనే ఉన్నాడు. "సగం సేపు నిలబడి వెళ్ళినవాడు సగమే పడతాడు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. ఆ నెగెటివ్ నీకు పంపితే, వచ్చి వెళ్ళానని గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని దాచాడట.

ప్రింట్ వేయించి పంపుతున్నాను. ఆయనే వేశాడు. నాకు ఒక్క మాట నిజం చెప్పు. చూసి కూడా తల దించుకున్నావా?

నీ వదిన


సెప్టెంబరు 9

వదినా,

నేను చూసింది మబ్బుని!

వంతెన పైనే పడమటి మబ్బు. షట్టర్ తెరిచాక ఎండ వస్తుందేమో చూడాలని రాశాను కదా నీకు! తలెత్తి ఆకాశం చూశాను. దాని కింద వంతెన మీద ఎవరున్నారో నాకేం తెలుసు? జనం ఉన్నా ఫొటోలో పడరు కదా, వంతెన వైపు చూడడమే మానేశాను నేను. తల దించింది వాచీ కోసం. గొణుక్కున్నది అంకెలు. పిలిచాడంటావు, ఆ హోరులో ఉరుము కూడా వినపడదు. ఇది అన్నయ్యకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? లెక్క పైకి చెప్పుకోమని చిన్నప్పుడు నేర్పింది ఆయనే!

మర తిప్పి వాచీలో తల పెట్టాను, వదినా. అన్నయ్య నా ఎదురుగా నిలబడ్డాడు. నేను ఆయన్ని ఫొటో తీశాను, చూడలేదు. ఇలాంటిది ఎవరికైనా జరుగుతుందా?

ఫొటో రాత్రీ పగలూ నా ఎదురుగానే ఉంది. యజమాని అడిగాడు, ఇవ్వలేదు. భూతద్దంతో చూశాను. ముఖం స్పష్టంగా లేదు. జుట్టు బాగా నెరిసిపోయినట్టుంది. నిజమేనా? లేక వెనకనున్న నీళ్ళు ఆయనలోంచి కనపడుతున్నాయా? తెలియడం లేదు. నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదే?

ఇప్పుడు పాత ఉత్తరాలు మళ్ళీ చదివాను. బూట్లు కొనుక్కోమన్నది, అంచు దగ్గరికి పోవద్దన్నది పెద్దాయనకి కాదు, నాకు. నల్ల అద్దం తుడిచింది నాకోసం. అది తెలిసి కూడా ఆయన నాకు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు, ఆ మొండితనం మాత్రం అలాగే ఉంది. నాదీ ఉంది. నేను రమ్మని అడగను. నాన్న కన్ను దిద్దడం తప్పు, అది ఎప్పటికీ తప్పే.

కానీ ఒక మాట చెప్పు. మబ్బులు ఈ నెలంతా ఉంటాయి. వంతెన అక్కడే ఉంది. నిమిషం మొత్తం నిలబడేవాడు ఒకడు కావాలి, ఎలా పడతాడో చూడాలని ఉంది. ఎవరైనా ఖాళీగా ఉంటే చెప్పు.

నీ ఆడబిడ్డ


సెప్టెంబరు 15

మరదలు పిల్లకి,

ఉత్తరం నేను చదివి వినిపించలేదు, ఆయన చేతిలోనే పెట్టాను. కిటికీ దగ్గర నిలబడి చదివాడు. మడిచాడు, మళ్ళీ విప్పి చదివాడు. "మబ్బునా?" అన్నాడు. తర్వాత చీకటిగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల కడగడానికి ఏమీ లేదని నాకు తెలుసు. నేను బయట ఒక కుర్రాడికి పాస్‌పోర్టు ఫొటో కోసం తల దువ్వుతూ, వాడి గడ్డం ఎటుందో నాకే తెలియకుండా అయిపోయాను.

బయటికొచ్చాక అడిగిన మొదటి ప్రశ్న: "స్టాండు కాళ్ళ కింద ఇంకా చెప్పులే పెడుతోందా?"

జుట్టు నెరిసింది. నీళ్ళు కాదు. నువ్వు అడగలేదు కాబట్టి నేను రాయలేదు.

రేపటి బస్సుకి బయలుదేరుతున్నాడు. ఈసారి పెళ్ళి ఎవరిదని నేనడగలేదు, ఆయన చెప్పనూ లేదు. మబ్బు పట్టేదాకా ఉంటాడట. పొడి దుప్పటి ఉంటే ఇవ్వు. దెబ్బలాడుకుంటే గదిలో కాదు, జలపాతం దగ్గర దెబ్బలాడుకోండి, ఎవరికీ వినపడదు. ఆ తర్వాత ఏం జరిగిందో ఒక్క ముక్క దాచకుండా రాయి. నేనిక్కడ గోళ్ళు కొరుక్కుంటూ ఉంటాను.

నీ వదిన


సెప్టెంబరు 22

వదినా,

ఈ ఉత్తరమూ రోలూ అన్నయ్య చేతికే ఇచ్చి పంపుతున్నాను. రోల్ మాత్రం నువ్వు దగ్గరుండి కడిగించు, ఆయన ఒక్కడికే వదలకు. ఎందుకో చెప్తాను.

వచ్చాడు. మొదటి రోజు గది తాళం ఇచ్చాను, తీసుకున్నాడు. ఎండ కాసింది. రెండో రోజూ ఎండే. టీ ఇచ్చాను, తాగాడు. "కప్పు వాలుతోంది" అన్నాడు. "బల్ల వాలుతోంది" అన్నాను. అంతే. వంటమనిషి మా ఇద్దరినీ చూసి, ఈయన లెక్కలు చూడ్డానికి వచ్చిన ఆఫీసరని యజమానితో చెప్పాడట. ఆ రోజు యజమాని నన్ను గారూ అని పిలిచాడు.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేను స్టాండు తీస్తుంటే తనంతట తనే లేచి కోటు వేసుకున్నాడు. ఇద్దరం దిగాం. ఆయన వంతెన ఎక్కి సరిగ్గా పాత చోటులోనే నిలబడ్డాడు. నేను ఇవతల గట్టున సర్దుకుని చెయ్యి ఊపాను. వైరు నొక్కాను, మర తిప్పాను.

ఈసారి వాచీ చూడలేదు, వదినా. ఆకాశమూ చూడలేదు. ఆయన్నే చూశాను. పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నవాడిలా బిగదీసుకుని, రెప్ప వెయ్యకుండా, గడ్డం కొంచెం కిందకి పెట్టి నిలబడ్డాడు. తన వల్ల ఫొటో పాడవకూడదని ఊపిరి కూడా బిగపట్టినట్టున్నాడు. అంత పెద్ద మనిషి. కుడి భుజం నువ్వు చెప్పినట్టే బాగా జారిపోయింది. ఎన్ని అంకెలు లెక్కపెట్టానో గుర్తు లేదు. స్టాండు వదిలేసి వంతెన మీదికి పరిగెత్తాను.

"కదలకు, ఫొటో!" అని అరిచాడు, నేను దగ్గరికొచ్చే వరకు. ఆ తర్వాత అరవలేదు.

ఏం మాట్లాడుకున్నామో అంతా రాయలేను, సగం వినపడలేదు కూడా. నాన్న కన్ను గురించి దెబ్బలాడుకున్నాం. "ఆ వాలిన రెప్ప చూస్తే ఆయన నన్ను కెమెరాలోంచి చూస్తున్నట్టే ఉండేది, ఆ చూపు ఎదురుగా పెట్టుకుని ఆ ఇంట్లో తిరగలేకపోయాను" అన్నాడు. నాకిది తెలియదు. నీకు తెలుసా? అయినా తప్పేనన్నాను. తప్పయితే అయిందిలే అన్నాడు. నేను ఏడ్చాను, ఈసారి తుంపర మీద పెట్టను. ఆయన కోటు చేత్తో నా ముఖం తుడిచాడు, ఆ కోటు నాకంటే తడిగా ఉంది.

మేం మాట్లాడుకుంటుండగానే మబ్బు విడిపోయి ఎండొచ్చింది. ఎదురుగా కెమెరా, షట్టర్ బార్లా తెరుచుకునే ఉంది. దాని ముందు ఇద్దరు ఫొటోగ్రాఫర్లం నిలబడి ఉన్నాం, మూద్దామని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. చలేసి బసకి పోదామనుకున్నాకే గుర్తొచ్చింది.

కాబట్టి ఈ రోల్‌లో ఆ ఒక్క ఫ్రేమ్ పూర్తిగా పోయింది. ప్రింట్ వేస్తే తెల్ల కాగితం వస్తుంది. ఆయనకే వదిలేస్తే పాడైందని పారేస్తాడు. నువ్వు మాత్రం పెద్ద సైజులో వేయించి నాకొకటి పంపి, నువ్వొకటి ఉంచుకో. అడిగినవాళ్ళకి అన్నాచెల్లెళ్ళ ఫొటో అని చెప్పు.

నీ ఆడబిడ్డ